బెంగకొక బాణీ

ఉత్తరం వ్రాయడానికి మన పెద్దలు ఒక కట్టుబాటు ఏర్పరచినారు. నమస్కారం చెప్పి, ఇచ్చట మేమందరము క్షేమమని తెలిపి, అచ్చట మీ క్షేమసమాచారములు వ్రాయవలసినదని కోరిన తరువాతనే అసలు సంగతి ఎత్తుకొనవలెను. ఆ సంగతి ఎంత కష్టమైనదైనా సరే, పై వరుసలో క్షేమం తప్పదు. తాతగారికి జ్వరమనీ, పాడిగేదె చనిపోయినదనీ, గాలివానకు ఇంటికప్పు లేచిపోయినదనీ తెలిపే ఉత్తరం కూడా "ఇచ్చట అందరము క్షేమము" అనియే మొదలయ్యేది. చదివేవారికి అది వింతగా తోచేది కాదు. కాని ఆ ఉత్తరాన్నే ఎవరైనా రాగం కట్టి పాడితే కడుపుబ్బ నవ్వు వస్తుంది.

సరిగా అట్టి ఉత్తరాన్నే 1963లో అమెరికాలో ఒకాయన పాట కట్టి పాడినాడు. ఆయన పేరు ఆలన్ షెర్మన్. పాట పేరు "హలో మడ్డా, హలో ఫడ్డా". వేసవి శిబిరానికి పంపబడిన ఒక పిల్లవాడు ఇంటిమీద బెంగతో తల్లికీ తండ్రికీ వ్రాసుకొన్న జాబు అది. మడ్డా అంటే మదర్, ఫడ్డా అంటే ఫాదర్. న్యూయార్కు వీధుల యాసలో ఆ మాటలను అట్లా సాగదీసి పలకడంవల్ల, శిబిరం పేరైన గ్రనాడాతో వాటికి ప్రాస కుదిరినది. మన ఉత్తరాంధ్ర యాసను ఒక నాటకంలో పాత్రచేత పలికించగానే ప్రేక్షకులు నవ్వుముఖాలు పెట్టినట్లు, అక్కడి శ్రోతలకు ఆ సంబోధన వినబడగానే పెదవులు విచ్చుకొన్నవి.

వేసవి శిబిరమనే ఏర్పాటును గురించి మన పాఠకులకు రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. మనకు వేసవి అనగానే అమ్మమ్మగారి ఊరు జ్ఞాపకం వస్తుంది. మామిడిపండ్లు, ఆరుబయట పక్కలు, తాతగారి కథలు. విశాఖపట్నంలో నేడు వేసవి శిక్షణ శిబిరాలు ఎన్నో జరుగుతున్నా, పిల్లలు ఈతో బొమ్మలు వేయడమో నేర్చుకొని సాధారణంగా పూటకు ఇల్లు చేరుతారు. అమెరికాలో అట్లా కాదు. కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ విలియం గన్ అనే ఉపాధ్యాయుడు 1861లో తన విద్యార్థులను వెంటబెట్టుకొని ఆరుబయట గుడారాలు వేసినది మొదలుగా, పిల్లలను వేసవిలో కొన్ని వారాలపాటు అడవుల నడుమ, సరస్సుల ఒడ్డున శిబిరాలలో ఉంచే అలవాటు అక్కడ స్థిరపడినది. నగరపు పిల్లవాడు చెట్టూ పుట్టా చూడవలెననీ, తన పని తాను చేసుకొనడం నేర్వవలెననీ ఉద్దేశం. అనగా మన హాస్టలు పిల్లలకు వేసవి ఇంటికి వచ్చే కాలం; వారికి ఇల్లు విడిచే కాలం. ఋతువు ఒక్కటే, ప్రయాణం ఎదురుదిక్కు. బెంగ మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

ఇక ఆ పిల్లవాడు ఏమి వ్రాసినాడో చూడండి. శిబిరం చాలా సరదాగా ఉన్నదట. వాన వెలిస్తే ఇంకా సరదాగా ఉంటుందని అక్కడివారు చెప్పినారట! ఒక స్నేహితుడికి ముట్టుకొంటే ఒళ్లంతా దద్దురు లేచే తీగ తగిలినది. మరొకడికి రాత్రి భోజనం విషమైనది. సరస్సులో మొసళ్లున్నవి. పక్కమీది కుర్రవాడికి మలేరియా. ఒకడు కనబడకుండా పోతే వెదకడానికి మనుషులను కూడగట్టుతున్నారు. పిల్లలు పిరికివాళ్లు కారాదని ఆటల గురువు వారికి జేమ్స్ జాయిస్ వ్రాసిన "యులిసీస్" చదివి వినిపిస్తున్నాడు. పండితులకే కొరుకుడుపడని గ్రంథమది. ఇట్లా చెప్పి చెప్పి, పిల్లవాడు బ్రతిమాలడం మొదలుపెడతాడు. నన్ను ఇంటికి తీసుకొనిపోండి, ఎలుగుబంటి తినివేయగలదు, ఇకమీద అల్లరి చేయను, చుట్టపుటావిడ వచ్చి ముద్దులు పెట్టుకొన్నా ఓర్చుకొంటాను అంటాడు. అప్పుడు గాని మనకు తెలియదు, వాడు అక్కడికి వచ్చి ఒక్కరోజే అయినదని! అంతలో వడగండ్లు ఆగుతవి. తోటిపిల్లలు ఈదుతున్నారు, పడవలెక్కుతున్నారు, బంతి ఆడుతున్నారు. ఇదేదో బాగుగానే ఉన్నదే అనుకొని, ఈ ఉత్తరాన్ని లెక్కచేయవద్దని వ్రాసి ముగిస్తాడు.

ఈ పాట గాలిలో పుట్టినది కాదు. షెర్మన్ కుమారుడు నిజంగానే ఒక శిబిరానికి వెళ్లినాడు, నిజంగానే అక్కడ ఇమడలేకపోయినాడు, ఇంటికి మొరపెట్టుకొంటూ ఉత్తరాలు వ్రాసినాడు. ఆ ఉత్తరాలే తండ్రి చేతిలో పాట అయినవి. షెర్మన్ సామాన్యమైన బాల్యం గడిపినవాడు కాడు. 1924లో చికాగోలో పుట్టిన ఆయన, తల్లిదండ్రులు విడిపోగా, ఊరినుండి ఊరికీ, బడినుండి బడికీ మారుతూ పెరిగినాడు. కొత్త చోట ఒంటరిగా నిలబడిన పిల్లవాడి మనసు ఆయనకు పుస్తకాలలో చదివి తెలిసినది కాదు. పెద్దవాడై టెలివిజన్ కార్యక్రమాలు తయారుచేసే ఉద్యోగంలో ఉండి, స్నేహితుల ఇండ్లలో సరదాకు పాడే హాస్యగీతాలను 1962లో "మై సన్, ది ఫోక్ సింగర్" అనే లాంగ్ ప్లే రికార్డుగా ఇచ్చినాడు. అది పది లక్షలకు మించి అమ్ముడుపోయినది. మరుసటి ఏడు మూడవ రికార్డులో ఈ శిబిరపు ఉత్తరం వచ్చినది. 1963 ఆగస్టు నెలాఖరుకు ఇది అమెరికా పాటల పట్టికలో రెండవ స్థానానికి ఎక్కి మూడు వారాలు అక్కడ నిలిచినది. దానికి పై మెట్టు దక్కకుండా చేసిన పాటలలో ఒకటి పదమూడేండ్ల స్టీవీ వండర్‌ది కావడం ఒక చమత్కారం. 1964లో దానికి హాస్యవిభాగంలో గ్రామీ బహుమానం లభించినది. భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాతీయ పట్టికలో 2020లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం దీనిని చేర్చినది. విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం ఆరంభమైనది కూడా 1963లోనే. ఆ విధంగా ఈ పాటా, మన కేంద్రమూ ఒక ఈడువి.

మాటల వెనుకనున్న బాణీ సంగతి మరింత ఆసక్తికరమైనది. అది షెర్మన్ కట్టినది కాదు. ఇటలీ దేశపు స్వరకర్త పొంకియెల్లీ రచించిన "లా జొకొండా" అనే సంగీతనాటకం 1876లో మిలాన్ నగరంలోని లా స్కాలా రంగస్థలంపై మొదటిసారి ప్రదర్శింపబడినది. దాని మూడవ అంకంలో "గడియల నృత్యం" అనే భాగమున్నది. ప్రాతఃకాలం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అనే వేళలను నర్తకీమణులు అభినయిస్తారు. మునివేళ్లపై అడుగులు వేసినట్లు సుకుమారంగా సాగే సంగీతమది. 1940లో డిస్నీ సంస్థవారు "ఫాంటేసియా" చిత్రంలో ఇదే సంగీతానికి నీటియేనుగులచేతా మొసళ్లచేతా నాట్యం చేయించినారు. కాబట్టి షెర్మన్ చేతికి వచ్చేసరికే ఆ బాణీ వింటే అమెరికా జనానికి నవ్వు సిద్ధంగా ఉన్నది.

ఆ బాణీ ఈ ఉత్తరానికి ఎందుకంత అతికినది? అందులోని స్వరాలు చిన్న చిన్న తునకలుగా ఉంటవి. ఒక్కొక్క తునక చివర ఒక చిన్న విరామం. ఏడుపు దిగమింగుకొంటూ మాట్లాడే పిల్లవాడు కూడా అట్లే నాలుగు మాటలు చెప్పి ఊపిరి పీల్చుకొంటాడు. ఆ విరామంలో వాడికి ఊపిరి, వినేవారికి నవ్వు. రెండు తునకలకు ఒక ప్రాస పడుతుంది. మొదటి తునక ఒక సంగతి చెబితే రెండవది దానిని తలక్రిందులు చేస్తుంది. ఇంటికి తీసుకొనిపొమ్మని బ్రతిమాలే చోటికి వచ్చేసరికి బాణీ మారి, స్వరం సాగుతుంది. అక్కడ నవ్వు వెనుక ఒక నిజమైన ఏడుపు లీలగా వినవస్తుంది. రాజదర్బారులకు తగిన నాజూకైన సంగీతంపై దద్దురులూ మలేరియా ఊరేగడమే ఈ హాస్యానికి మూలం.

ఒకరి బాణీకి వేరొకరు మాట కట్టడం మనకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండువారు వాయించే వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చినారు. వాటినే నోట్టుస్వరాలంటారు. బ్రిటిషు రాజును దేవుడు కాపాడుగాక అనే గీతపు వరుస ఆయన చేతిలో దేవీస్తుతి అయినది. అది భక్తి. ఇక జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు భావకవుల గీతాలకూ అభ్యుదయ కవుల గీతాలకూ కట్టిన పేరడీలు సాహిత్యలోకంలో సుప్రసిద్ధాలు. అది పరిహాసం, మూలకవి ధోరణిని ఎత్తి చూపడం దాని పని. షెర్మన్ చేసినది ఈ రెండూ కాదు. ఆయన పొంకియెల్లీని కొనియాడనూ లేదు, వెక్కిరించనూ లేదు. అందరికీ తెలిసిన ఒక పల్లకీని అద్దెకు తెచ్చుకొని, అందులో తన పిల్లవాడిని కూర్చుండబెట్టినాడు. పల్లకీ ఎంత ఘనమైనదో లోపలి పిల్లవాడు అంత చిన్నవాడుగా కనబడుతాడు.

పాటకు ప్రాణమైన బెంగను గురించి కూడా కొంచెం విచారించుదాము. తెలుగులో బెంగ అనేది చిన్నమాటే గాని అర్థం పెద్దది. అమ్మమీద బెంగ, ఇంటిమీద బెంగ, ఊరిమీద బెంగ అంటాము. బెంగ పెట్టుకొన్నవాడికి జ్వరం వస్తుందని మన ఇండ్లలో ఆడవారందరికీ తెలుసు. ఐరోపాలో దీనికొక వైద్యశాస్త్రపు పేరు పెట్టడానికి 1688వ సంవత్సరం రావలసివచ్చినది. యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి బాసెల్ నగరంలో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, గ్రీకు భాషలో తిరిగి ఇంటికి చేరడమనీ బాధ అనీ అర్థమిచ్చే రెండు మాటలను కలిపి నాస్టాల్జియా అనే పదాన్ని సృష్టించినాడు. పరదేశాలలో కొలువు చేసే స్విట్జర్లండు సైనికులు ఈ జబ్బుకు లోనయ్యేవారని పేరుపడినది. తమ కొండలలో పశువులను పిలిచే పాట చెవినబడితే వారు కన్నీరు పెట్టుకొని దండు విడిచి పారిపోయేవారనీ, అందుచేత ఆ పాటను సైన్యంలో నిషేధించినారనీ తత్త్వవేత్త రూసో తన సంగీత నిఘంటువులో వ్రాసినాడు. బెంగను రేపే పాట ఒకటి, బెంగను నవ్వించే పాట ఒకటి. రెంటికీ నడుమ ఇంచుమించు మూడు శతాబ్దాలు.

ఈ పాట అమెరికాలోనే ఆగిపోలేదు. హాలండులో రైక్ డి గూయర్ అనే హాస్యనటుడు 1964లో దీనిని సైనిక శిబిరం నుండి ఒక కుర్ర జవాను ఇంటికి వ్రాసే ఉత్తరంగా మార్చినాడు. స్వీడన్‌లో కర్నేలిస్ వ్రేస్విక్ అనే గాయకుడు 1965లో చేసిన మార్పు ఇంకా తమాషాగా ఉన్నది. అక్కడి పిల్లవాడికి బెంగ లేనే లేదు! శిబిరంలో పరమానందంగా ఉన్నాడు, ఇంటినుండి డబ్బు పంపమంటున్నాడు. కాని తాము అడవి తగులబెట్టే ఆట ఆడినామనీ, శిబిరాధికారిని పోలీసులు పట్టుకొనిపోయినారనీ సంతోషంగా చెబుతుంటే, చదివే తల్లిదండ్రుల గుండె జారిపోవలసిందే. షెర్మన్ పాటలో భయం పిల్లవాడిది. ఈ పాటలో భయం పెద్దవారిది. బాణీ ఒక్కటే, ఉత్తరం ఒక్కటే, వణికే చేయి మాత్రం మారినది. ఈ వ్రేస్విక్ హాలండులో పుట్టి, పన్నెండేండ్ల ప్రాయంలో తల్లిదండ్రులతో స్వీడన్‌కు వలసవచ్చి, కొత్త భాష నేర్చుకొన్నవాడు.

ఇంతవరకు నవ్వినాము. ఇక మన సంగతి. మన ప్రాంతంలో ఇల్లు విడిచి చదువుకొనే పిల్లల సంఖ్య స్వల్పం కాదు. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962లో ఏర్పడిన సైనిక పాఠశాలలోనూ, 1980ల నడుమ ఆరంభమైన నవోదయ విద్యాలయాలలోనూ పిల్లలు ఆరవ తరగతిలో చేరుతారు. అనగా పదీ పదకొండేండ్ల వయసు. విశాఖపట్నంలోనే ఇంటర్మీడియట్ చదువుకై హాస్టళ్లలో ఉండే యువతీయువకులు వేలకు వేలు. పాడేరు, అరకు, చింతపల్లి మన్యాలలోని ఆశ్రమ పాఠశాలలలో ఇంకా చిన్నపిల్లలు ఉంటారు. ఇంట్లో కువి భాషో ఆదివాసీ ఒడియానో మాట్లాడే పిల్లవాడికి బడిలో తెలుగు వినబడుతుంది. వాడికి ఇంటి బెంగతోపాటు మాట బెంగ కూడా.

ఈ పిల్లలు నేడు ఉత్తరాలు వ్రాయరు. వారానికొకసారి ఫోను చేస్తారు. పక్కన మరి పదిమంది వరుసలో నిలబడి ఉంటారు. ఆ కొద్ది నిమిషాలలో పిల్లవాడు అన్నం బాగులేదంటాడు, దోమలంటాడు, తలనొప్పి అంటాడు, ఇంటికి తీసుకొనిపొమ్మంటాడు. అవతల తండ్రి ఏమి చేయవలెను? నవ్వి ఊరుకొనడమా, మొదటి బస్సు ఎక్కడమా?

దీనిపై అమెరికాలోని శిశువైద్యుల సంఘం పత్రికలో 2007లో క్రిస్టఫర్ థర్బర్, ఎడ్వర్డ్ వాల్టన్ అనేవారు ఒక వివరమైన నివేదిక ప్రకటించినారు. ఇల్లు విడిచిన పిల్లలలో కొంత బెంగ కలగడం సహజమనీ, అది దోషమూ జబ్బూ కాదనీ, చాలామందికి స్వల్పంగానే ఉండి తగ్గిపోతుందనీ, కొద్దిమందికి మాత్రం తీవ్రమవుతుందనీ వారు చెప్పినారు. ముందుజాగ్రత్తగా చేయదగిన పనులు కూడా సూచించినారు. పంపే నిర్ణయంలో పిల్లవాడిని భాగస్వామిని చేయవలెను. ముందుగా రెండుమూడు రోజులు బంధువుల ఇంట ఉంచి అలవాటు చేయవలెను. నచ్చకపోతే వెంటనే వచ్చి తీసుకొనివస్తానని మాట ఇవ్వరాదు. ఈ చివరిది చాలామంది తల్లిదండ్రులకు వింతగా తోచవచ్చును. కాని ఆలోచించి చూస్తే న్యాయమే. ఆ మాట విన్న పిల్లవాడు అక్కడ ఇమిడే ప్రయత్నం మానుకొని, ఆ బస్సుకై ఎదురుచూడడం మొదలుపెడతాడు; పైగా నీవు అక్కడ ఉండలేవని తండ్రికి ముందే తెలుసునని గ్రహిస్తాడు.

అట్లని ప్రతి మొరనూ బెంగ ఖాతాలో వ్రాసివేయడం మహాప్రమాదం. పాటలోని పిల్లవాడు వాననూ తిండినీ మొసలినీ ఎలుగునూ ఒకే గుక్కలో తిట్టినాడు. అన్నీ చెడ్డవైనప్పుడు సాధారణంగా చెడ్డది ఒక్కటే, అది ఇల్లు లేకపోవడం. దానికి కాలమూ స్నేహమూ మందు. కాని పిల్లవాడు తరచుగా ఒకే మనిషి పేరు ఎత్తినా, ఒకే గదికి భయపడినా, పేరు చెప్పకుండా మౌనం వహించినా, తిండీ నిద్రా మానుకొన్నా, పరీక్షలో తప్పితే బ్రతకనన్నా, అది వెలిసే వాన కాదు. అప్పుడు బస్సు ఎక్కవలసినదే. వెళ్లి పిల్లవాడి ఎదుట కూర్చుండి, వాడు చెప్పేది చివరిదాకా వినవలసినదే. అన్నిటికంటె జాగ్రత్తగా వినదగినది "ఇచ్చట నేను క్షేమము" అనే ఒక్కమాటతో ముగిసే ఫోను. మొసళ్లను గురించి వ్రాసే పిల్లవాడికి ఇంకా మాట్లాడే ధైర్యమున్నది. మొసళ్లను గురించి కూడా వ్రాయనివాడిని గురించియే మనం కలత చెందవలెను.

షెర్మన్ 1964లో అదే పిల్లవాడిని మరుసటి వేసవికి మళ్లీ శిబిరానికి పంపినట్లు ఇంకొక పాట కూడా పాడినాడు. 1973లో నలభైఎనిమిదేండ్లకే ఆయన కన్నుమూసినాడు. ఆయన పాటలలో చాలా వాటిని జనం మరచినా, ఈ ఒక్క ఉత్తరం మాత్రం నిలిచిపోయినది. దానికి కారణం ప్రాసలే కాదు. ఆ పాట చివర వాన వెలుస్తుంది. తోటిపిల్లలు వచ్చి పిలుస్తారు. ఆ పిలుపు ఉన్నది గనుకనే అంతకుముందు వచ్చిన ఏడుపుకు మనం నిర్భయంగా నవ్వగలుగుతున్నాము.

పాటలో ఆ ఆఖరి చరణాన్ని కవి వ్రాసినాడు. హాస్టలులో దానిని వ్రాయవలసినవారు వార్డెనూ, పై తరగతి పిల్లలూ, ఇంటిలో ఫోను అందుకొన్న తల్లిదండ్రులూ. కొత్తగా వచ్చిన కుర్రవాడిని సాయంకాలం ఆటకు పిలిచే ఒక్క పెద్దపిల్లవాడు చాలు, సగం ఎలుగుబంట్లు అడవిలోకి వెళ్లిపోతవి. మిగిలిన సగానికి, ఫోనులో తొందరపడక వినే ఒక చెవి కావలెను.